ఒక బండి భాగము వేరొక బండికి పట్టునా?

మన పాఠశాలలో చదివి, పదేండ్ల క్రిందట వెడలిపోయిన యొక పూర్వవిద్యార్థి గత వేసవి సెలవులలో నన్ను చూడవచ్చెను. అతడిప్పుడు మందులు టోకుగా అమ్ము ఒక వర్తకునియొద్ద పనిచేయుచు, దినమునకు నూరు కిలోమీటర్లకు తక్కువగాకుండ మోటారుసైకిలుపై తిరిగి, చిన్న యూళ్లలోని మందుల కొట్లకు సరకు చేర్చుచుండును. కుశలప్రశ్నలైన పిమ్మట తన బండిని మా యింటి ముందరి వేపచెట్టు నీడకు త్రోసికొనివచ్చి, "మాస్టరుగారూ, పాత బండి గదండీ, దీని సామాను దొరకడం కష్టమైపోయింది. వేరే బండివి దీనికి పట్టవాండీ?" అని యడిగెను.

ఆ ప్రశ్నకు నేనానాడు చెప్పిన యుత్తరములో సగము సరియైనది, సగము తప్పు. ఆ తప్పువలన అతని మణికట్టు విరిగినది. ఆ సంగతి దాని చోట చెప్పెదను. పదవ తరగతి దాటకమునుపే మోటారుసైకిలు కొనిపెట్టుమని తల్లిదండ్రులను వేధించు బాలురు మనలో పెక్కుమంది గలరు గనుకను, వారిలో అనేకులకు చివరకు దొరకునది పాతబండియే గనుకను, ఈ విషయమును మన పత్రికలో వ్రాయుట నిష్ప్రయోజనము గాదని తలంచితిని.

అతని బండి హీరో హోండా కరిజ్మా. ఇది 2003వ సంవత్సరమున మన దేశమున వెలువడిన పందెపు తరహా బండి. ఇంజను 223 ఘనసెంటీమీటర్లది. ఇంచుమించు 17 గుర్రముల శక్తి గలది. నూరు, నూటయేబది ఘనసెంటీమీటర్ల బండ్లే రాజ్యమేలుచున్న ఆ దినములలో ఇది వీధిలో పోవుచున్నచో పిల్లలందరును తిరిగి చూచెడివారు. ఆ బండిని తయారుచేసిన హీరో, హోండా కంపెనీలు తమ పొత్తును విడిచికొనుటకు 2010 డిసెంబరులో నిశ్చయించుకొనినవి. తరువాత 2023లో కరిజ్మా పేరుతోనే వచ్చిన బండికి ఇంజను వేరు. నీటితో చల్లబడు 210 ఘనసెంటీమీటర్ల క్రొత్త ఇంజను అది. పేరొక్కటియైనంతమాత్రమున దాని భాగములు పాతదానికి పట్టునని యనుకొనరాదు. మా వాని బండికి ముగ్గురు యజమానులైరి, అతడు నాల్గవవాడు. మొదటి ముగ్గురును ఏయే భాగములు మార్చిరో చెప్పు లెక్క యెక్కడను లేదు.

ఒక యంత్రపు భాగము మరియొక యంత్రమునకు పట్టుట సహజముగా నేర్పడిన సంగతి కాదు. పూర్వము తుపాకి చెడినయెడల దాని భాగమును కమ్మరియే ఆకురాయితో రాచి, ఆ యొక్క తుపాకికి మాత్రమే సరిపోవునట్లు చేయవలసియుండెను. మరల విషయమైనను అంతే. ఒక కర్మాగారపు బోల్టు మరియొక కర్మాగారపు నట్టులో దూరెడిది కాదు. ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రశిల్పి 1841లో, మరలన్నియు ఒకే కోణముతో, ఒక్కొక్క లావునకు ఒక్కొక్క నిర్ణీతమైన చుట్ల లెక్కతో ఉండవలెనని ప్రతిపాదించెను. నేడు మన చేతిలోని ప్రతి బోల్టును ఇట్టి ప్రమాణమునకు లోబడినదే.

1908లో ఇంగ్లండునందలి బ్రూక్‌లాండ్స్ పందెపుబాటయొద్ద జరిగిన పరీక్షను విద్యార్థులు గుర్తుంచుకొనదగును. అమెరికాలో తయారైన కాడిలాక్ కార్లు మూడింటిని తెచ్చి, అక్కడి రాయల్ ఆటోమొబైల్ క్లబ్బువారి యెదుట వానిని తునకలు తునకలుగా విప్పిరి. విప్పిన భాగములన్నింటిని ఒక్క కుప్పగా కలిపివేసిరి. అందుండి 89 భాగములను తీసివేసి, వానికి బదులు విక్రయశాలలోని క్రొత్త భాగములను ఉంచిరి. పిమ్మట పనివారు కేవలము స్పానర్లతోను స్క్రూడ్రైవర్లతోను, ఆకురాయి ముట్టకుండ, ఆ కుప్పనుండి మరల మూడు కార్లను బిగించిరి. ఆ మూడును 500 మైళ్లు పరుగెత్తినవి. ఆ సంవత్సరపు డ్యూయర్ ట్రోఫీ అను బహుమానము ఆ కంపెనీకే లభించినది.

అయితే ఆ మూడు కార్లును ఒకే నమూనావి, ఒకే కర్మాగారమువి. మా వాడడిగినది వేరు నమూనా బండి భాగమును గూర్చి. అదియు పట్టుట కలదు. ఏలయనగా మోటారుసైకిలు కంపెనీ తన బండిలోని సమస్తమును తానే చేసికొనదు. బేరింగులు ఒకచోట, చైను మరియొకచోట, ప్లగ్గు వేరొకచోట, టైరు ఇంకొకచోట కొని, తాను చేసిన చట్రమునందును ఇంజనునందును అమర్చుకొనును. అట్లు కొన్నవానిలో పెక్కు భాగములకు జగమెరిగిన కొలతలును అంకెలును గలవు. ఆ అంకెలు చదువనేర్చినవానికి బండి పేరుతో పనిలేదు.

బేరింగునే చూడుడు. దాని ప్రక్కన 6302 అని ముద్రింపబడియున్నదనుకొందము. మొదటి 6 అనునది లోతైన గాడిగల గుండ్ల బేరింగని తెలుపును. తరువాతి 3 దాని దారుఢ్యపు తరగతి. చివరి రెండంకెలు లోపలి రంధ్రమును తెలుపును: 00 అయినచో 10 మిల్లీమీటర్లు, 01 అయినచో 12, 02 అయినచో 15, 03 అయినచో 17, 04 మొదలు ఆ యంకెను అయిదింట గుణించిన చాలును, అనగా 04 అనిన 20, 05 అనిన 25 మిల్లీమీటర్లు. కాబట్టి 6002, 6202, 6302 అను మూడింటిలోను 15 మిల్లీమీటర్ల ఇరుసే దూరును. కాని బయటి కొలతలు వేరు. మొదటిది 32 మిల్లీమీటర్ల వెడల్పు, 9 మందము. రెండవది 35, 11. మూడవది 42, 13. ఇరుసునకు సరిపోయినది గదా యని 6302కు మారుగా 6202ను తెచ్చినవాడు చక్రములోని గూటిలో అది గలగలలాడుట చూచును. అంకెల వెనుకనుండు అక్షరములనుగూడ విడువరాదు. రెండు ప్రక్కల రబ్బరు మూతలున్నదియు, లోహపు రేకులున్నదియు, మూతయే లేనిదియు కొలతలో ఒక్కటియే. కాని వానలో తిరుగు చక్రమునకు రబ్బరు మూతలుగలదే కావలెను. ఇంజనులో వేడికి వ్యాకోచించు చోట్ల గుండ్లకు కొంచెమెక్కువ సందు విడిచిన సీ-3 అను తరగతి వాడుదురు.

మా వాడు ముందు చక్రపు బేరింగులకై మోటారు విడిభాగముల కొట్లన్నియు తిరిగెను, ఎక్కడను దొరకలేదు. నేను పాత బేరింగును కిరసనాయిలుతో కడిగించి, అంకెను కాగితముపై వ్రాసియిచ్చి, పొలముల నీటిపంపులకు బేరింగులమ్ము కొట్టునకు పంపితిని. అరగంటలో తెచ్చెను. ఆనాడు నాకు గలిగిన గర్వమే తరువాతి కీడునకు మూలమని యిప్పుడు తోచుచున్నది.

ఆయిల్ సీలు సంగతియు నిట్టిదే. లోపలి కొలత, బయటి కొలత, మందము అను మూడంకెలు దానిమీదనే యుండును. 37, 50, 11 అని యున్నచో అది ఏ బండికై చేయబడినను 37 మిల్లీమీటర్ల ఫోర్కు గొట్టమును పట్టుకొనును. పెదవి ఏ వైపునకు తిరిగియున్నదో, దుమ్మునాపు రెండవ పెదవి కలదో లేదో మాత్రము చూచుకొనవలెను.

చైను అంకెలకును అర్థము కలదు. మొదటి యంకె లంకెకును లంకెకును నడిమి దూరమును అంగుళములో ఎనిమిదవ వంతులలో చెప్పును. 428 అనిన అర అంగుళము. 520, 525, 530 అనిన అంగుళములో ఎనిమిదింట అయిదు వంతులు. తక్కిన యంకెలు లోపలి వెడల్పునకు గుర్తు: 520కి పావు అంగుళము, 525కు పదహారింట అయిదు వంతులు, 530కి ఎనిమిదింట మూడు వంతులు. కనుక 428 చైను 520 పళ్లచక్రముమీద కూర్చుండనే కూర్చుండదు. 525 చైను 520 చక్రముమీద కూర్చుండును గాని ప్రక్కలకు ఊగులాడి పండ్లను తినివేయును. మొదటిది ఎంత మూఢునికైనను తెలియును. రెండవదానిని కనుగొనుటకు కొలబద్ద కావలెను.

బోల్టుల విషయమున నేనెరిగిన మెకానిక్కులలో సగముమంది అజాగ్రత్తగా నుందురు. పది మిల్లీమీటర్ల బోల్టునకు మామూలు మర చుట్టు చుట్టునకు ఒకటిన్నర మిల్లీమీటరు ముందుకు సాగును. జపాను పద్ధతిని చేసిన బండ్లలో తరచుగా పది మిల్లీమీటర్ల బోల్టునకే 1.25 మిల్లీమీటర్ల సన్నపు మర యుండును. ఒకదానిని రెండవదాని రంధ్రములో పెట్టినచో రెండు మూడు చుట్లు సుఖముగా దిగి, పిమ్మట బిగిసిపోవును. "తుప్పు పట్టింది, కొంచెం గట్టిగా తిప్పు" అను మాట వినబడినదనిన, అల్యూమినియములోని మర కొరుక్కుపోయినదనియే తెలిసికొనుడు. ఇది గాక బోల్టు తలపై 8.8 అనియో 10.9 అనియో యుండు నంకెలు దాని బలమును తెలుపును. మొదటి యంకెను నూరింట గుణించిన అది తెగు బలము, చదరపు మిల్లీమీటరునకు న్యూటనులలో. రెండవ యంకె ఆ బలములో పదింట ఎన్ని వంతులకు అది సాగి తన రూపము చెడగొట్టుకొనునో చెప్పును. 8.8 బోల్టు 800 వద్ద తెగును, 640 వద్ద సాగును. బ్రేకును పట్టియుంచు బోల్టునకు బదులుగా తలుపు గడియకు వాడు బోల్టు కొలతలో సరిపోవచ్చును. కాని దానిని పెట్టినవాడు మనుష్యుని ప్రాణముతో ఆడుకొనుచున్నాడు.

ప్లగ్గునందు మరయొక్క లావు, పొడవు, వేడిని వదలు శక్తి అను మూడును కుదురవలెను. లావు 10, 12, 14 మిల్లీమీటర్లలో నుండును. అది కుదురకున్న ప్లగ్గు లోనికి పోదు గనుక భయము లేదు. పొడవు విషయమున మోసపోవచ్చును. 12.7 మిల్లీమీటర్ల పొడవుండవలసిన చోట 19 మిల్లీమీటర్లది బిగించినచో దాని కొన ముషలకమును, అనగా పిస్టనును, తాకవచ్చును.

టైరును గూర్చి ఒక్కమాట. మా వాని బండి వెనుక చక్రముపై 100/90-18 అని యుండెను. వెడల్పు 100 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో నూటికి 90, లోపలి చక్రము 18 అంగుళములు అని భావము. చూపునకు ఠీవిగా నుండునని వెడల్పు టైరు వేయుదురు. అది చైనుకో చట్రమునకో రాచుకొనును.

ఇంతవరకు చెప్పినవి ఏ బండికైన సామాన్యములైన భాగములు. ఇంజను లోపలి భాగములు అట్టివి కావు. అచ్చట వంశము చూడవలెను. కరిజ్మా ఇంజను హోండా కంపెనీవారి యొక కుటుంబమునకు చెందినది. ముషలకము తిరుగాడు గొట్టము వ్యాసము 65.5 మిల్లీమీటర్లు, ముషలకము నడచు దూరము 66.2 మిల్లీమీటర్లు. ఉన్నత తరగతుల విద్యార్థులు ఈ రెండు కొలతలతో ఘనపరిమాణము కట్టి చూడుడు. 223 ఘనసెంటీమీటర్లు వచ్చును. 2003లో అమెరికాకై వెలువడిన సీఆర్‌ఎఫ్ 230 ఎఫ్ అను మట్టిబాట బండికిని, 2008లో జపానులో వెలువడిన సీబీ 223 ఎస్ అను వీధి బండికిని ఇవే కొలతలు. ఇది చదివి ఎవరైనను, "అయితే ఆ బండ్ల భాగములన్నియు దీనికి పట్టును" అని యెగిరి గంతు వేయవచ్చును. తొందరపడరాదు. సీఆర్‌ఎఫ్ బండికి ఆరు గేర్లు, కరిజ్మాకు అయిదు. కనుక గేర్లపెట్టె వేరు. సీఆర్‌ఎఫ్ కర్మాగారమునుండి దీపములు లేకుండ వచ్చిన బండి. కనుక విద్యుత్తును పుట్టించు చుట్టలు ఒకటేయని తలంపరాదు. ముషలకమునకైనను వ్యాసమొక్కటి చాలదు. దానిలో దూరు పిన్ను లావు, పిన్ను నడిమినుండి ముషలకపు తలవరకు గల యెత్తు, కవాటములకై తలపై చెక్కిన గుంటల స్థానము, చుట్టుకొను ఉంగరముల మందము, ఇవన్నియు కుదిరినప్పుడే అది ఒకటి. తలయెత్తు ఒక్క మిల్లీమీటరు హెచ్చినచో కవాటమునకు తగిలి ఇంజను నలిగిపోవును.

ఇట్టి కుటుంబములు నేటి బండ్లలోను గలవు. యమహా ఆర్15 బండి మూడవ తరమునకును ఎంటీ-15 అను బండికిని 155 ఘనసెంటీమీటర్ల ఇంజనొక్కటే. హోసూరులోని టీవీఎస్ కర్మాగారమున తయారైన అపాచీ ఆర్ఆర్ 310కిని బీఎండబ్ల్యూ జీ 310 ఆర్ అను బండికిని 312 ఘనసెంటీమీటర్ల ఇంజనొక్కటే. పేటికపై పేరు మాత్రము వేరు. ఇట్టి చోట్ల పేరు చూచి ధర చెల్లించువాడు అనవసరముగా హెచ్చు చెల్లించుట కలదు.

వంశమును నిశ్చయముగా తెలిసికొనుటకు అన్నింటికంటె మంచి సాధనము కంపెనీవారి భాగముల జాబితా. హోండా పద్ధతిలో భాగపు సంఖ్యకు మూడు ఖండములుండును. మొదటి అయిదంకెలు అది ఏ భాగమో తెలుపును. నడిమి మూడక్షరములు అది మొట్టమొదట ఏ నమూనాకై గీయబడినదో తెలుపును. చివరివి దాని మార్పులను తెలుపును. యమహా పద్ధతిలో నమూనా గుర్తు మొదటనే వచ్చును. మీ బండి జాబితాలో వేరొక బండి నమూనా గుర్తు కనబడినచో, కంపెనీవారే ఆ భాగమును అక్కడినుండి తెచ్చి వాడుకొనిరని అర్థము. రెండు జాబితాలలో సంఖ్య మొదటినుండి చివరివరకు ఒక్కటియే యైనచో ఇక వాదమే లేదు. సామాన్యమైన బోల్టుల సంఖ్య తొమ్మిదితో మొదలిడును. దానిలోనే కొలతయు నుండును. 95701-06020 అనునది ఆరు మిల్లీమీటర్ల లావు, ఇరువది మిల్లీమీటర్ల పొడవు గల అంచు బోల్టు. మా వానికి ఈ జాబితా చదువుట నేర్పుటకు ఒక సాయంకాలము పట్టినది. వాడు లెక్కలలో ఎన్నడును ఇంత శ్రద్ధ చూపి యెరుగడు.

ఇక బ్రేకు సంగతి.

బేరింగులు వచ్చిన వారము దినములకు ముందు బ్రేకు లీవరు క్రింద నూనె కారుచున్నదని మా వాడు చెప్పెను. చేతికడ్డీమీదనుండు మాస్టరు సిలిండరు లోపల చెడినది. పాతసామాన్ల కొట్టునుండి అతడు ఇంకొక పెద్ద బండి మాస్టరు సిలిండరును చవుకగా తెచ్చెను. అది చేతికడ్డీకి చక్కగా బిగిసినది, నూనెగొట్టపు మర కుదిరినది, లీవరు చేతికి అందినది. గాలి తీసి, నూనె పోసి, నాకు చూపెను. నేను లీవరు నొక్కి చూచితిని. రాతిని నొక్కినట్లు గట్టిగా, కొంచెము కదలికతోనే ఆగినది. "బాగున్నది నాయనా, మునుపటికంటె గట్టిగా నున్నది" అంటిని.

మూడవ వారమున ఒక సాయంకాలము రైలు గేటు వేయుచుండగా అతని ముందరి ట్రాక్టరు ఆగినది. ఇతడు లీవరును శక్తికొలది నొక్కెను. వేగము తగ్గినది గాని చాలినంత తగ్గలేదు. ట్రాక్టరునకు తగులక తప్పించుకొనుటకు ప్రక్క గుంటలోనికి దిగి పడెను. ఆరు వారములు చేయి కట్టుతో ఇంట కూర్చుండెను. ఆ ఆరు వారముల జీతము పోయినది. అతని తల్లి నన్ను ఒక్కమాట యనలేదు; నా తప్పు ఆమెకు తెలియదు గనుక.

ఆ రాత్రి రెండు సిలిండర్లను బల్లమీద పెట్టుకొని చూచితిని. పాతదానిపై (అదియు మునుపటి యజమాని యెవరో మార్చినదే) 1/2 అని పోతపోసియున్నది. క్రొత్తదానిపై 5/8 అని యున్నది. అవి లోపలి ముషలకపు వ్యాసములు, అంగుళములలో. తొమ్మిదవ తరగతి బాలురకు ఏటేట పాస్కల్ సూత్రమును నేర్పు నాకు ఆ యంకెలు అంతకుముందు కనబడకపోయెను. లెక్క చూడుడు. వ్యాసముల నిష్పత్తి 5/8కి 1/2, అనగా 5కు 4. వైశాల్యముల నిష్పత్తి దాని వర్గము, 25కు 16. నూనెలోని ఒత్తిడి యనగా బలమును వైశాల్యముచే భాగింపగా వచ్చునది గనుక, చేతితో అదే బలమును ప్రయోగించినప్పుడు క్రొత్త సిలిండరులో పుట్టు ఒత్తిడి పాతదానిలో 16/25, అనగా నూటికి 64 వంతులే. చక్రమువద్దనున్న కాలిపరు మారలేదు. కావున బ్రేకును పట్టు బలమును నూటికి 36 వంతులు తగ్గినది. పాత బలము కావలెనన్న వ్రేళ్లు ఒకటిన్నర రెట్లకు మించి నొక్కవలెను.

మరి లీవరు గట్టిగా నుండుట యేల? పెద్ద ముషలకము కొంచెము కదిలినంతనే ఎక్కువ నూనెను త్రోయును. కాలిపరు కొంచెములోనే నిండి లీవరు ఆగిపోవును. గట్టిదనమును నేను బలమనుకొంటిని. అది బలము తగ్గినదనుటకు గుర్తు. రెండు డిస్కులును, వానికి రెండు కాలిపర్లును గల పెద్ద బండికై అది చేయబడినది. అక్కడ ఆ నూనెయంతయు కావలసినదే. ఒక్క డిస్కుగల బండికి తెచ్చినందున నిష్పత్తి చెడినది. భాగములో దోషము లేదు, అమ్మినవాని మోసమును లేదు. అది పట్టినది, పనిచేయలేదు.

ఈ కారణముచేతనే ఇతర దేశములలో అనుభవముగలవారు ఒంటి భాగమును గాక, ఒకదానికొకటి కుదిరిన భాగముల గుంపును మొత్తముగా మార్చుదురు. సుజుకీ కంపెనీవారు 1999లో ఎస్‌వీ 650 అను బండిని వెలువరించిరి. ఇంజను మేలైనదే గాని, వెల తగ్గించుటకై ముందు ఫోర్కులు సామాన్యమైనవి పెట్టిరి. దానిని పందెములకు వాడువారు అదే కంపెనీవారి జీఎస్‌ఎక్స్-ఆర్ పందెపు బండ్లనుండి ఫోర్కులు, వానిని పట్టు పైక్రింది పట్టీలు, చక్రము, డిస్కులు, కాలిపర్లు, మాస్టరు సిలిండరుతోగూడ ముందుభాగమునంతను తెచ్చి బిగించుకొనుట ప్రసిద్ధమైనది. ఫోర్కు పొడవు వేరైనచో బండి ముందుభాగము దిగి, మలుపులలో నడక మారును. దానినిగూడ కొలిచి సరిచేసికొందురు. శ్రమ యధికమే.

తల్లిదండ్రులకు తెలియవలసిన సంగతి యొకటి. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారి మూలవివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. అరిగిన బేరింగునకు బదులు బేరింగు వేయుట అట్టి మార్పు కాదు. వేరు ఇంజను పెట్టుట తప్పక మార్పే, దానికి అధికారుల అనుమతి కావలెను. బెజవాడ ఆటోనగరులోను, చెన్నపట్టణపు పుదుపేటలోను పాతభాగములు కుప్పలుగా దొరకును. న్యాయముగా వ్యాపారము చేయువారు అక్కడ అనేకులు గలరు. అయినను ఇంజను కొన్నప్పుడు దానిపై చెక్కిన సంఖ్య రాచివేయబడి యుండుటయో, అమ్మినవాడు చీటీ వ్రాసియిచ్చుటకు సంకోచించుటయో చూచినచో, వెల యెంత తక్కువైనను దాని నచ్చటనే విడిచి రావలెను.

మా వాడు జేబులో కొనిపోవునది ఇప్పుడు రెండు వస్తువులు. ఒకటి నేను ప్రయోగశాలకై కొన్న పాత వెర్నియర్ కొలబద్ద. దానిని వానికే యిచ్చివేసితిని. రెండవది ఒక చిన్న నోటుపుస్తకము. అందులో తన బండి భాగము పేరు, దానిమీది అంకె, కొలతలు, ఏ బండిది దానికి సరిపోయినది, ఎన్ని కిలోమీటర్లు నడచినది అని వరుసగా వ్రాసికొనుచున్నాడు. సరిపోనివానినిగూడ వ్రాయుమంటిని, ఆ పట్టిక మొదటి పుటలోనే 5/8 సిలిండరు కలదు. అర అంగుళపు సిలిండరు వేరొక ఒంటిడిస్కు బండిది దొరికినది. దానిని బిగించిన దినమున పాఠశాల మైదానములో, ఎదుట ఎవరును లేకుండ చూచుకొని, గంటకు ఇరువది, ముప్పది, నలుబది కిలోమీటర్ల వేగములనుండి ఎంత దూరములో ఆగునో సుద్దగీతలు గీచి కొలిచితిమి. వేగము రెట్టింపైనచో ఆగు దూరము ఇంచుమించు నాలుగింతలగునని పుస్తకములోనున్న మాట ఆ గీతలలో చూచి, అక్కడ చేరిన బాలురు ఆశ్చర్యపడిరి.

అన్ని భాగములును దొరకినవని చెప్పజాలను. ప్రక్కనుండు ప్లాస్టికు రేకు ఏ బండిదియు దానికి సరిపోవుట లేదు. విరిగినదానినే తీగతో కుట్టి, లోపల గుడ్డయు జిగురును అంటించి నడుపుచున్నాడు.